లైనక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్: మూడో బూట్‌కి తెరుచుకున్న తాళం

నా పాత ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయినప్పుడు అందులోని ఎస్‌ఎస్‌డీని బయటకు తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి అక్క కంప్యూటర్‌కి తగిలించాను. ఫైళ్లు ఉన్నాయో పోయాయో చూద్దామన్నదే అప్పటి ఆలోచన. అన్నీ ఉన్నాయి. బ్యాంకు కాగితాల స్కాన్‌లు, ఇంట్లోవాళ్ల గుర్తింపు కార్డులు, పదేళ్ల ఫొటోలు, బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డులు. ఏ పాస్‌వర్డూ అడగకుండానే తెరుచుకున్నాయి. అక్కదీ లైనక్సే. ఆమె యూజర్ నంబరూ నా యూజర్ నంబరూ 1000 కావడంతో కనీసం సుడో (అడ్మిన్ అనుమతితో కమాండ్ నడపడం) కూడా అవసరం పడలేదు.

లాగిన్ పాస్‌వర్డ్ డిస్క్‌ని కాపాడదని నాకు తెలియక కాదు. కానీ తెలియడం వేరు, కళ్లముందు చూడటం వేరు. ఆ డిస్క్ నా చేతిలో కాకుండా ఇంకొకరి చేతిలో ఉండి ఉంటే? ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక మొదటి పని డిస్క్ ఎన్‌క్రిప్షనే, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి డిస్క్‌ని మార్చడమే అని నిర్ణయించుకున్నాను.

ఇన్‌స్టాలర్‌లో ఎన్‌క్రిప్షన్‌కి ఒక టిక్కు పెట్టే గడి ఉంటుంది కదా, అది సరిపోదా అని అడగవచ్చు. చాలామందికి అది చాలు. మొత్తం డిస్క్‌ని లైనక్స్‌కి ఇచ్చేవాళ్లు నిశ్చింతగా అదే వాడుకోవచ్చు. నా పరిస్థితి వేరు. ఆఫీసు పని కోసం విండోస్ అదే డిస్క్‌లో ఉండాలి. నేను వాడిన డిస్ట్రో (లైనక్స్ రకం) ఇన్‌స్టాలర్‌లో ఆ గడి ఎంచుకుంటే డిస్క్ మొత్తం తుడిచేస్తుంది. పైగా నాకు హోమ్ విడిగా కావాలి, సిస్టమ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా నా ఫైళ్లు కదలకూడదు. కాబట్టి పార్టిషన్లు, తాళం, లోపలి అరలు అన్నీ చేత్తో చేసుకోవాల్సి వచ్చింది.

డిస్క్ ఒక టెరాబైట్ ఎన్‌విఎంఈ, ర్యామ్ 16 జీబీ. ముందుగా బ్యాకప్. రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, వాటిలో కొన్ని ఫైళ్లు నిజంగా తెరిచి చూశాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. తర్వాత విండోస్‌లోనుంచే దాని పార్టిషన్ కుదించి 450 జీబీ ఖాళీ చేశాను, ఫాస్ట్ స్టార్టప్ ఆపాను. విండోస్ వైపు దాని సొంత ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ నడుస్తోంది కనుక దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకున్నాను. బూట్ వరస మారితే అది ఆ కీ అడిగే అవకాశం ఉంది.

ఇక అసలు ప్రశ్న: ఏది తాళం లోపల ఉండాలి, ఏది బయట ఉండాలి?

కంప్యూటర్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్‌కి లైనక్స్ ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటో తెలియదు. అది ఈఎఫ్ఐ పార్టిషన్‌ని మాత్రమే చదవగలదు, అందుకే అది బయటే ఉండాలి. విండోస్ పెట్టిన ఈఎఫ్ఐ పార్టిషన్ అప్పటికే ఉంది కనుక దాన్నే పంచుకున్నాను. ఆ తర్వాత కర్నెల్ (సిస్టమ్ గుండెకాయ), దానితోపాటు లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు సిస్టమ్ తెరుచుకునేదాకా మెమరీలో నడిచే చిన్న సిస్టమ్) ఉండే బూట్ పార్టిషన్ సంగతి. దీన్ని కూడా తాళం లోపల పెట్టే పద్ధతి ఉంది, అప్పుడు గ్రబ్ బూట్‌లోడరే పాస్‌వర్డ్ అడుగుతుంది. కానీ నేను ఇన్‌స్టాల్ చేసిన డిస్ట్రోలోని గ్రబ్‌కి లుక్స్ (లైనక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి) రెండో వెర్షన్ పూర్తిగా రాదు. పాత పీబీకేడీఎఫ్2 పద్ధతిలో దాచిన కీని తెరుస్తుందిగానీ ఆర్గాన్2 పద్ధతిలో దాచినదాన్ని తెరవలేదు (రెండూ పాస్‌వర్డ్‌తో కీని కాపాడే పద్ధతులే). నాకు ఆర్గాన్2 వదులుకోవడం ఇష్టం లేదు.

ఎందుకో చెప్పాలి. మనం టైప్ చేసే పాస్‌వర్డ్ నేరుగా డిస్క్‌ని తెరవదు. డిస్క్‌లోని ప్రతి బ్లాకునీ మార్చేది యాదృచ్ఛికంగా పుట్టిన ఒక పెద్ద కీ. ఆ కీ కాపీని మన పాస్‌వర్డ్‌తో కట్టి హెడర్‌లోని ఒక స్లాట్‌లో దాచుతుంది లుక్స్. అందుకే పాస్‌వర్డ్ మార్చుకుంటే డిస్క్ మొత్తం మళ్లీ రాయనక్కర్లేదు, ఆ చిన్న కట్టు మారిస్తే చాలు. లుక్స్ మొదటి వెర్షన్‌లో ఇలాంటి స్లాట్లు 8, రెండో వెర్షన్‌లో 32 వరకు. డిస్క్ దొంగిలించినవాడు చేయగలిగింది ఒక్కో పాస్‌వర్డ్‌నీ ఊహించి స్లాట్ మీద ప్రయోగించడమే. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 ఆ ఒక్కో ప్రయత్నానికీ సమయంతోపాటు బోలెడంత మెమరీ కూడా ఖర్చయ్యేలా చేస్తుంది. లుక్స్‌ని నడిపే క్రిప్ట్‌సెటప్ కమాండ్ మామూలుగా మన మెషీన్‌లో ఒక ప్రయత్నానికి సుమారు రెండు సెకన్లు పట్టేలా, గరిష్ఠంగా ఒక జీబీ మెమరీ వాడేలా దాన్ని సరిచేసుకుంటుంది. వేల కోర్లున్న గ్రాఫిక్స్ కార్డు కూడా వేల ప్రయత్నాలు ఒకేసారి చేయలేదు, ఎందుకంటే అంత మెమరీ దానికి ఉండదు. ఇంత బలమైన కవచాన్ని బూట్ పార్టిషన్ కోసం వదులుకోవడం నాకు సబబనిపించలేదు.

కాబట్టి బూట్ పార్టిషన్ బయటే ఉంచాను, ఒక జీబీ. దీనివల్ల ఒక లోటు ఉంది, దాచకుండా చెబుతాను. నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఏదైనా దూర్చి, నా పాస్‌వర్డ్ పట్టుకునే అవకాశం ఉంటుంది. సెక్యూర్ బూట్ కర్నెల్ సంతకాన్ని సరిచూస్తుందిగానీ నా డిస్ట్రోలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని సరిచూడదు. అయితే నా భయం ల్యాప్‌టాప్ పోవడం గురించి, డిస్క్ పరాయివాళ్ల చేతిలో పడటం గురించి. నా వెంటపడి, రహస్యంగా మెషీన్ మార్చి వెళ్లేవాళ్ల గురించి కాదు. ఎవరి భయం ఏమిటో ముందు తేల్చుకోకపోతే ఈ పని ఎప్పటికీ తెగదు.

మిగిలిన 449 జీబీ మొత్తం ఒకే లుక్స్ పెట్టె. దాని లోపల ఎల్‌వీఎంతో (ఒక పార్టిషన్‌ని మార్చుకోగలిగే అరలుగా విడగొట్టే ఏర్పాటు) అరలు: స్వాప్‌కి 18, రూట్‌కి (సిస్టమ్ ఫైళ్లకు) 80, హోమ్‌కి 300. మిగతా 51 ఎవరికీ ఇవ్వకుండా వదిలేశాను. అరల్లో వాడిన ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ని సిస్టమ్ నడుస్తుండగానే పెంచవచ్చు. కుదించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి, అది టెన్షన్‌తో కూడిన పని. అందుకని కొంచెం తక్కువగా మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుకోవడం మేలు. ఒకే పెట్టె కాబట్టి ఒక్కసారి పాస్‌వర్డ్ ఇస్తే మూడు అరలూ తెరుచుకుంటాయి.

పాస్‌వర్డ్ ఎంచుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మనసులోంచి తీసుకున్న మాటలు మనం అనుకున్నంత యాదృచ్ఛికంగా ఉండవు, అందుకే పాచికలు వేశాను. ఐదు పాచికలకు ఒక మాట చొప్పున 7776 మాటల జాబితా ఉంటుంది, ఆరు మాటలు తీసుకుంటే సుమారు 77 బిట్ల బలం వస్తుంది. మొదట తెలుగు మాటలతో సొంత జాబితా చేసుకుందామనుకున్నాను. అక్కడే చిక్కు వచ్చింది. బూట్ సమయంలో తెలుగు కీబోర్డు ఉండదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. 'తాళం' అని రాయాలంటే 'టి' తర్వాత 'ఎ' ఒకటా రెండా? మధ్యలో 'హెచ్' ఉందా లేదా? ఈ రోజు ఒకలా రాసి ఆర్నెల్ల తర్వాత ఇంకోలా రాస్తే డిస్క్ తెరుచుకోదు. స్పెల్లింగ్ ఒకే రకంగా ఉండే ఇంగ్లీషు మాటలే తీసుకున్నాను. గుర్తులు కూడా పెట్టలేదు, ఎందుకంటే బూట్ స్క్రీన్‌లో కీబోర్డు అమరిక మారితే గుర్తులే ముందుగా తారుమారవుతాయి. ఏమీ ఫార్మాట్ చేయకముందే ఒక ఖాళీ ఎడిటర్‌లో ఆ ఆరు మాటలనూ ఇరవైసార్లు టైప్ చేసి, సేవ్ చేయకుండా మూసేశాను. వేళ్లకు అలవాటు పడ్డాకే ముందుకు కదిలాను.

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి టెర్మినల్ తెరిచాను. ముందు క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ నడిపితే ఏఈఎస్ ఎక్స్‌టీఎస్ (లుక్స్ డేటాను మార్చే పద్ధతి) వేగం సెకనుకు రెండు వేల ఎంబీ దాటింది. ప్రాసెసర్‌లో ఏఈఎస్‌కి విడిగా సూచనలు ఉన్నందువల్ల ఆ వేగం. ఎన్‌క్రిప్షన్ వల్ల మెషీన్ నెమ్మదిస్తుందేమో అన్న నా సందేహం అక్కడే తీరింది. ఇక్కడ కొత్తవాళ్లను తికమక పెట్టే అంకె ఒకటుంది. కీ పొడవు 512 బిట్లు అని ఇస్తాం, కానీ అది ఏఈఎస్ 256 మాత్రమే. ఎక్స్‌టీఎస్ పద్ధతి ఆ కీని రెండు సగాలు చేసుకుని రెండు పనులకు వాడుకుంటుంది.

తర్వాత లుక్స్ ఫార్మాట్ కమాండ్. ఎంటర్ నొక్కేముందు పార్టిషన్ల జాబితాను మూడుసార్లు చూశాను. ఎన్‌విఎంఈ పేర్లలో 'పి' తర్వాత వచ్చే అంకె పార్టిషన్‌ది. ఆ ఒక్క అంకె తప్పితే విండోస్ గల్లంతే. కమాండ్ కూడా ఊరికే ఒప్పుకోదు, పెద్ద అక్షరాల్లో 'యస్' అని టైప్ చేయమంటుంది. చేశాను. పెట్టె తెరిచి, లోపలంతా ఒకసారి సున్నాలతో నింపాను. పైన రాసేది సున్నాలే అయినా కింద డిస్క్ మీద పడేది ఎన్‌క్రిప్ట్ అయిన గజిబిజి, కనుక ఏ భాగంలో డేటా ఉందో ఏ భాగం ఖాళీయో బయటివాళ్లకు తేడా తెలియదు. అరగంటకు పైగా పట్టింది. ఎస్‌ఎస్‌డీ లోపల బ్లాకులను తనకు తోచినట్టు మార్చుకుంటుంది కనుక పాత డేటా పూర్తిగా పోయిందని దీంతో హామీ ఇవ్వలేం, అయినా చేయడమే నయమనిపించింది.

ఎల్‌వీఎం అరలు చేసి, ఇన్‌స్టాలర్ నడిపి, చేత్తో పార్టిషన్లు ఎంచుకునే దారిలో వెళ్లి, ఏ అర ఏమిటో చూపించాను. ఈఎఫ్ఐని ఫార్మాట్ చేయవద్దని చెప్పడం మరిచిపోలేదు. ఇన్‌స్టాల్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. రీస్టార్ట్ చేశాను.

పాస్‌వర్డ్ అడగలేదు.

తెర మీద వాల్యూమ్ గ్రూప్ (ఎల్‌వీఎం అరల సమూహం) దొరకలేదన్న వరుసలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. కాసేపు వేచి చూసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. గుండె గుభేలుమంది. డిస్క్‌లో ఇంకా నా డేటా ఏమీ లేదని తెలిసినా సరే. కానీ ఆ ప్రాంప్ట్ చూసి భయపడనక్కర్లేదని తర్వాత అర్థమైంది. అది చాలా ఉపయోగకరమైన చోటు. కర్నెల్ లేచింది, మెమరీలో చిన్న తాత్కాలిక సిస్టమ్ నడుస్తోంది, అసలు రూట్ దొరక్క మనల్ని సాయం అడుగుతోంది. అక్కడే క్రిప్ట్‌సెటప్ అని టైప్ చేస్తే అలాంటి కమాండే లేదంది. విషయం దొరికింది! తాళం బాగానే ఉంది. తాళం తీసే పనిముట్టే ఆ చిన్న సిస్టమ్‌లో లేదు.

ఎందుకు లేదు? పెట్టె నేను చేత్తో తెరిచాను. ఇన్‌స్టాలర్‌కి కనిపించింది తెరిచిన పెట్టెలోని అరలే. వాటి చుట్టూ ఒక తాళం ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. ఎన్‌క్రిప్ట్ చేయడం సులువే, ఒక్క కమాండ్. రేపు ఉదయం మెషీన్ ఖాళీ మెమరీతో లేచినప్పుడు ఆ తాళం ఎక్కడుందో, దేనితో తీయాలో దానికి రాసి పెట్టడమే అసలు పని. ఆ రాసి పెట్టే చోటు క్రిప్ట్‌ట్యాబ్ అనే ఫైలు.

మళ్లీ లైవ్ యూఎస్‌బీ. పెట్టె తెరిచాను, రూట్ అరను మౌంట్ చేశాను, దాని లోపల బూట్ పార్టిషన్‌నీ ఈఎఫ్ఐనీ వాటి వాటి చోట్ల మౌంట్ చేశాను. ఈ మెట్టు దాటేయకూడదు. బూట్ పార్టిషన్ మౌంట్ చేయకుండా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారు చేస్తే, అది తాళం లోపలున్న ఖాళీ బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, గ్రబ్ మాత్రం పాతదాన్నే లోడ్ చేస్తుంది. డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను బైండ్ చేసి సీహెచ్‌రూట్ కమాండ్‌తో కొత్త సిస్టమ్ లోపలికి వెళ్లాను. క్రిప్ట్‌సెటప్‌ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో కలిపే ప్యాకేజీ విడిగా ఉంటుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేశాను. క్రిప్ట్‌ట్యాబ్‌లో ఒకే ఒక వరుస రాశాను: పెట్టె పేరు, పార్టిషన్ యూయూఐడీ (దాన్ని గుర్తించే ప్రత్యేక సంఖ్య), పాస్‌వర్డ్ అడగమని సూచించే మాట, చివర ఆప్షన్లు. యూయూఐడీ దగ్గర చాలామంది పొరపడతారు. ఇక్కడ కావలసింది బయటి లుక్స్ పార్టిషన్‌ది, లోపలి ఫైల్‌సిస్టమ్‌ది కాదు. లోపలిది తాళం తీశాకగానీ కనిపించదు కదా. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని కొత్తగా తయారు చేసి రీస్టార్ట్ చేశాను.

మళ్లీ అదే ప్రాంప్ట్.

ఈసారి నాకు కోపం రాలేదు, ఏదో చూడకుండా వదిలేశానని అర్థమైంది. లైవ్ సిస్టమ్‌లోకి తిరిగి వెళ్లి అవే మెట్లు నెమ్మదిగా చేస్తూ ప్రతి వరుసా చదివాను. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారయ్యేటప్పుడు ఒక హెచ్చరిక వస్తోంది: ఫలానా పేరు క్రిప్ట్‌ట్యాబ్‌లో లేదు. మొదటిసారి చదవకుండా వదిలేసింది అదే. లైవ్ సిస్టమ్‌లో పెట్టెను తెరిచినప్పుడు తొందరలో నేను ఇచ్చిన పేరు ఒకటి, క్రిప్ట్‌ట్యాబ్‌లో రాసిన పేరు మరొకటి. రూట్ ఏ పెట్టెలోంచి వచ్చిందో చూసి, ఆ పేరును క్రిప్ట్‌ట్యాబ్‌లో వెతుకుతుంది ఆ స్క్రిప్ట్. దొరక్కపోతే హెచ్చరించి ముందుకు పోతుంది, ఆగదు.

పెట్టె మూసి సరైన పేరుతో తెరుద్దామంటే డివైస్ ఇంకా వాడకంలో ఉందని మొండికేసింది. వరస ఉంది దానికి. ముందు సీహెచ్‌రూట్ నుంచి బయటికి రావాలి, మౌంట్ చేసినవన్నీ లోపలినుంచి బయటకు ఒక్కొక్కటే విప్పాలి, తర్వాత వాల్యూమ్ గ్రూప్‌ని నిద్రపుచ్చాలి, అప్పుడుగానీ పెట్టె మూతపడదు. మూసి, క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరుతోనే తెరిచి, మిగతావన్నీ మళ్లీ చేశాను. హెచ్చరిక రాలేదు. అయినా రీస్టార్ట్ చేయలేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఏమేం ఉన్నాయో చూపించే కమాండ్ ఉంది, దానితో వెతికితే క్రిప్ట్‌సెటప్ కనిపించింది. అదే ఆర్కైవ్‌ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పి, నేను రాసిన క్రిప్ట్‌ట్యాబ్ వరుస అందులో ఉందో లేదో కూడా చూశాను. ఉంది. ఈ రెండు నిమిషాల పని మొదటిసారే చేసి ఉంటే రెండో బూట్ వృథా అయ్యేది కాదు.

మూడోసారి ఆన్ చేస్తే నల్లటి తెర మీద డిస్క్ పేరు చెప్పి, తాళం తీయమని ఒక వరుస అడిగింది. ఆరు మాటలూ టైప్ చేశాను. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ ఆర్గాన్2 తన పని తాను చేసుకుంటోందని తెలిసి ఎంతో తృప్తిగా అనిపించింది. లాగిన్ స్క్రీన్ వచ్చింది.

హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉన్నదంతా స్వాప్‌లో దాచి మెషీన్ ఆపడం) కోసం స్వాప్ పెద్దగా పెట్టుకున్నానుగానీ అది నాకు దక్కలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే నా డిస్ట్రో కర్నెల్ లాక్‌డౌన్ అనే కట్టుదిట్టమైన స్థితిలోకి వెళ్లి హైబర్నేషన్‌ని ఒప్పుకోదు. సెక్యూర్ బూట్ ఆపడమా, హైబర్నేషన్ వదులుకోవడమా? రెండోదే ఎంచుకున్నాను. సస్పెండ్ మాత్రం జాగ్రత్తగా వాడుతున్నాను. మూత వేసి నిద్రపుచ్చిన మెషీన్‌లో కీ ర్యామ్‌లోనే ఉంటుంది, అంటే డిస్క్ తాళం తీసే ఉన్నట్టు. కరెంటు తీసేశాక కూడా ర్యామ్‌లోని డేటా కాసేపు నిలుస్తుందని, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. అందుకే ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటినుంచి బయటకు వెళ్లేటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చేస్తాను.

ట్రిమ్ విషయంలో కొంచెం తగ్గాను. క్రిప్ట్‌ట్యాబ్‌లో డిస్కార్డ్ అన్న ఆప్షన్ ఇస్తే ఖాళీ బ్లాకుల సంగతి ఎస్‌ఎస్‌డీకి తెలుస్తుంది, డిస్క్ ఆరోగ్యానికి మంచిది. కానీ డేటా ఎంత ఉందో, ఎక్కడెక్కడ ఖాళీ ఉందో బయటివాళ్లకూ తెలుస్తుంది. సున్నాలతో నింపి దాచినదంతా దీనితో నెమ్మదిగా బయటపడుతుందని తెలిసే ఆన్ చేశాను. నా డిస్క్ ఎంత నిండిందో ఎవరికైనా తెలిస్తే నాకు పోయేదేమీ లేదు, లోపల ఏముందో తెలియకపోతే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది హెడర్ బ్యాకప్. దీన్ని ఎవరూ వాయిదా వేయకండి. లుక్స్ హెడర్ ఆ పార్టిషన్ మొదట్లో మామూలుగా 16 ఎంబీ ఉంటుంది. కీ స్లాట్లు ఉండేది అందులోనే. పైగా లుక్స్ కీని ఉన్నదున్నట్టు దాచదు. తుడిచేటప్పుడు జాడ మిగలకూడదని దాన్ని 4000 ముక్కలుగా ఉబ్బించి దాచుతుంది. అన్ని ముక్కలూ క్షేమంగా ఉంటేనే కీ తిరిగి వస్తుంది. అంటే ఏదో పార్టిషన్ ప్రోగ్రాం పొరపాటున అక్కడ నాలుగు బైట్లు రాసినా ఆ స్లాట్ పోయినట్టే, పాస్‌వర్డ్ ఎంత బాగా గుర్తున్నా లాభం లేదు. బ్యాకప్ తీసి, డిస్క్ మీద ఏమీ రాయకుండా ఆ బ్యాకప్ హెడర్‌తో పాస్‌వర్డ్ సరిపోతుందో లేదో పరీక్షించే ఆప్షన్ ఉంది, దానితో సరిచూశాను. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్ మార్చినా పాత హెడర్ బ్యాకప్ పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటూనే ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిపోయిందని మార్చుకుంటే పాత బ్యాకప్‌లను వెతికి మరీ చెరిపేయాలి.

రెండో స్లాట్‌లో ఇంకో పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి అక్కకి ఇచ్చాను.

"ఇదేంట్రా, వీలునామాలా ఇస్తున్నావు?" అంది.

"నాకేమైనా అయితే అమ్మానాన్నల కాగితాలు, ఫొటోలు నీకు దొరకాలి కదక్కా."

ఇంకేమీ అడగకుండా బీరువాలో పెట్టింది. నేను ఆసుపత్రిలో పడినా, ఆ ఆరు మాటలు మరిచిపోయినా, ఇంట్లోవాళ్లకు ఆ ఫైళ్లు అందే దారి అదొక్కటే.

వారం తర్వాత కొత్త ల్యాప్‌టాప్ డిస్క్ కూడా బయటకు తీసి, ఎన్‌విఎంఈకి సరిపోయే ఎన్‌క్లోజర్‌లో పెట్టి అక్క కంప్యూటర్‌కి తగిలించాను. లైనక్స్ ఉన్న చోట బూట్ పార్టిషన్, దాని పక్కన క్రిప్టో లుక్స్ అని ఒక పేరు. క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఒక్క ఫైలు పేరు కూడా కనిపించలేదు.

ఆ తర్వాత మొదటి కర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ కొంచెం టెన్షన్ పడ్డాను. కొత్త కర్నెల్‌తోపాటు కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారైంది, హెచ్చరికలేమీ లేవు. అయినా రీస్టార్ట్ చేసేముందు దాన్ని తెరిచి చూశాను. క్రిప్ట్‌సెటప్ ఉంది, నేను రాసిన ఆ ఒక్క వరుసా ఉంది. రీస్టార్ట్ నొక్కాను. పాస్‌వర్డ్ అడిగింది.